గోళంలో మినిమల్ సబ్‌మానిఫోల్డ్‌లు: ఎస్ ≤ ఎన్ దగ్గర ఎందుకంత బిగింపు?

గోళంమీదచీమ (సోమవారం, రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడు. వచ్చే గురువారం మా డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో సైమన్స్ గ్యాప్ సిద్ధాంతం మీద గంట మాట్లాడాలి. ప్రూఫ్ వరస వరసా చదివాను, పెన్ను పట్టి లెక్కలన్నీ చేశాను. అయినా ఎవరైనా లేచి "అసలిది ఎందుకు నిజమవ్వాలి?" అంటే నోరు పెగిలేలా లేదు. టెన్షన్‌గా ఉంది.

సిద్ధాంతం ఇది. (ఎన్+1) డైమెన్షన్ల యూనిట్ గోళంలో ఎన్ డైమెన్షన్ల కాంపాక్ట్ (అంచు లేకుండా మూసుకున్న) మినిమల్ హైపర్‌సర్ఫేస్ ఒకటి తీసుకోండి. హైపర్‌సర్ఫేస్ అంటే గోళం కంటే ఒక డైమెన్షన్ తక్కువది, మినిమల్ అంటే ప్రిన్సిపల్ కర్వేచర్ల మొత్తం ప్రతి చోటా సున్నా అయినది. దాని సెకండ్ ఫండమెంటల్ ఫామ్ (ప్రతి చోటా ఎటు ఎంత వంగిందో చెప్పేది) పేరు ఏ. దాని ప్రిన్సిపల్ కర్వేచర్ల (ముఖ్య దిశల్లో వంపుల) వర్గాల మొత్తం ఎస్. ప్రతి బిందువు దగ్గరా ఎస్ ≤ ఎన్ అయితే రెండే దారులు. ఎస్ అంతటా 0, అప్పుడది గ్రేట్ స్ఫియర్ (కేంద్రం గుండా కోస్తే వచ్చే గోళం). లేదా ఎస్ అంతటా ఎన్, అప్పుడది క్లిఫర్డ్ టోరస్ (తగిన వ్యాసార్ధాలున్న రెండు గోళాల గుణకారం). మధ్యలో ఇంకేమీ లేదు.

నాకు అర్థం కానివి: ఆ ఎన్ అనే అంకె ఎక్కడి నుంచి ఊడిపడింది? కాంపాక్ట్ అనే షరతు ఎక్కడ నిజంగా పని చేస్తోంది? కోడైమెన్షన్ (గోళానికీ లోపలి బొమ్మకీ డైమెన్షన్లలో తేడా) పెరిగితే ఏమవుతుంది?

చిల్లుగారె (రాత్రి 10:12)

ముందు నాకో డౌట్. మినిమల్ అయితే గాస్ సమీకరణం (ఉపరితలం సొంత వక్రతని దాని వంపులతో కలిపేది) ప్రకారం స్కేలార్ కర్వేచర్ (ఆ సొంత వక్రతల మొత్తం) = ఎన్(ఎన్−1) − ఎస్. ఎన్ = 2 పెడితే 2 − ఎస్. అంటే ఫ్లాట్‌గా ఉండే ఏ టోరస్‌కైనా ఎస్ = 2 రావాలి. మూడు డైమెన్షన్ల గోళంలో వ్యాసార్ధాలు 0.6, 0.8 ఉన్న రెండు వృత్తాల గుణకారం తీసుకోండి. వర్గాల మొత్తం 1, కాబట్టి గోళం మీదే ఉంది. ఫ్లాట్ కూడా. అయినా అది క్లిఫర్డ్ టోరస్ కాదు, ఒక వైపు లావు గారె. సిద్ధాంతం పోయినట్టేగా?

నిశాచరి (రాత్రి 10:31)

పోలేదు :) ఆ గారె మినిమల్ కాదు. వ్యాసార్ధాలు 0.6, 0.8 అయితే ప్రిన్సిపల్ కర్వేచర్లు 0.8/0.6 = 4/3, ఇంకోటి −0.6/0.8 = −3/4. కూడితే 7/12. సున్నా కాదు. మీరు రాసిన గాస్ సూత్రం మినిమల్‌కి మాత్రమే. మామూలుగా అయితే ఆ మొత్తం వర్గం కూడా కలపాలి.

కలిపి చూద్దాం. ఎస్ = 16/9 + 9/16 = 337/144. మొత్తం వర్గం 49/144. 2 + 49/144 − 337/144 = 2 − 2 = 0. ఫ్లాటే, మీరన్నది నిజమే. ఎస్ మాత్రం 2 కాదు, 2.34 దాకా ఉంది.

చిల్లుగారె (రాత్రి 10:34)

ఓహ్. సరే, తప్పు నాదే. పోస్ట్ తీసెయ్యను, ఇంకొకరికి పనికొస్తుంది.

నిశాచరి (రాత్రి 10:58)

ఎలాగూ కాగితం మీద ఉంది కాబట్టి జనరల్‌గా కూడా పెడుతున్నా. కె డైమెన్షన్ల గోళం (వ్యాసార్ధం ర), ఎన్−కె డైమెన్షన్ల గోళం (వ్యాసార్ధం ల), ర² + ల² = 1. గుణకారానికి ప్రిన్సిపల్ కర్వేచర్లు: ల/ర కె సార్లు, −ర/ల మిగతా ఎన్−కె సార్లు. మొత్తం సున్నా కావాలంటే కె·ల² = (ఎన్−కె)·ర². అంటే ర² = కె/ఎన్, ల² = (ఎన్−కె)/ఎన్. ఇప్పుడు ఎస్ చూడండి:

కె × (ఎన్−కె)/కె + (ఎన్−కె) × కె/(ఎన్−కె) = (ఎన్−కె) + కె = ఎన్.

కె ఎంతైనా ఎస్ మాత్రం ఎన్‌యే. ఇది మొదటిసారి చేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ చేశాను.

రాజమండ్రి_మాస్టారు (మంగళవారం, ఉదయం 6:15)

బాబూ అనాలో అమ్మా అనాలో తెలీదు గనక చీమగారూ అంటాను. డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ విషయం నాది కాదు. ఇష్టంకొద్దీ చదువుకున్నదే.

మీరు ప్రూఫ్‌ని పుస్తకాల్లో ఉండే ఇంటిగ్రల్ నుంచి కాకుండా శిఖరం నుంచి చూడండి. సైమన్స్ సూత్రం హైపర్‌సర్ఫేస్‌కి ఇలా ఉంటుంది (లాప్లాసియన్ అంటే చుట్టుపక్కల సగటు ఇక్కడి విలువ కంటే ఎంత ఎక్కువో చెప్పేది, |∇ఏ| అంటే చోటు మారితే ఏ ఎంత మారుతుందో చెప్పేది):

ఎస్ లాప్లాసియన్‌లో సగం = |∇ఏ|² + ఎస్(ఎన్ − ఎస్)

ఉపరితలం కాంపాక్ట్ కాబట్టి ఎస్ ఎక్కడో ఒక చోట గరిష్ఠం అవుతుంది. ఆ శిఖరం మీద నిలబడండి. అక్కడి నుంచి ఎటు అడుగేసినా కిందికో, సమానంగానో పోవాలి గానీ పైకి పోలేం. అంటే అక్కడ లాప్లాసియన్ ధనాత్మకం కాకూడదు. కానీ అక్కడి ఎస్ విలువ 0కీ ఎన్‌కీ మధ్య ఉంటే కుడివైపు ఎస్(ఎన్−ఎస్) ఖచ్చితంగా ధనాత్మకం, |∇ఏ|² ఎలాగూ రుణాత్మకం కాదు. రెండూ పొసగవు. కాబట్టి శిఖరం ఎత్తు 0 అయినా కావాలి, ఎన్ అయినా కావాలి. 0 అయితే కథ అయిపోయింది. శిఖరం సరిగ్గా ఎన్‌ని తాకితే బలమైన మాక్సిమమ్ ప్రిన్సిపల్ (ఇలాంటి ఫంక్షన్‌కి లోపలే శిఖరం ఉంటే అది స్థిరాంకమే అనే సూత్రం; లేదా మీ ఇంటిగ్రల్) అంతటా ఎన్‌యే అని చెప్తుంది, |∇ఏ| సున్నా అయిపోతుంది, ప్రిన్సిపల్ కర్వేచర్లు స్థిరాంకాలవుతాయి.

ఇక ఆ ఎన్ ఎక్కడిది అన్నారు. ఎన్·ఎస్ అనే పదం చుట్టూ ఉన్న గోళం వక్రత 1 వల్ల వచ్చింది. −ఎస్² అనే పదం ఉపరితలం తన వంపుతో తానే తెచ్చుకున్నది. ఈ రెండూ పోట్లాడుకుంటాయి. ఎస్ చిన్నదిగా ఉన్నంతసేపూ గోళానిదే పైచేయి. ఆ పైచేయి పోయే హద్దే ఎన్. సమతలంలో (వక్రత 0) ఆ మొదటి పదమే లేదు, అందుకే అక్కడ ఇలాంటి ఖాళీ రాదు.

గోళంమీదచీమ (ఉదయం 8:02)

అమ్మా అనండి మాస్టారూ :) ఈ శిఖరం మాట మీద ఐదు నిమిషాలు మాట్లాడతాను. నేను చదివిన చోట నేరుగా ఇంటిగ్రల్ రాసేశారు, దాంతో "ఎందుకు" అన్నది మాయమైపోయింది.

వక్రబుద్ధి (ఉదయం 11:40)

పోస్ట్‌డాక్ ఇక్కడ, ఇదే ఏరియా. మాస్టారు చెప్పినదానికి రెండు చేరుస్తాను.

ఒకటి, కాంపాక్ట్ లేకపోతే నిజంగానే విరుగుతుంది, ఉదాహరణ కూడా తేలికే. లాసన్ 1970లో మూడు డైమెన్షన్ల గోళంలో ప్రతి జీనస్‌కీ (చిల్లుల సంఖ్యకీ) ఎంబెడెడ్ (తనని తాను కోసుకోని) మినిమల్ ఉపరితలాలు కట్టి చూపించాడు. జీనస్ 2 ఉన్నది తీసుకోండి. దాని హాప్ఫ్ డిఫరెన్షియల్‌కి మొత్తం 4·2−4 = 4 సున్నాలుంటాయి, అంటే అంబిలిక్ బిందువులు (అన్ని దిశల్లో వంపు ఒకటే అయినవి) తప్పనిసరి. అక్కడ ఎస్ = 0. ఆ బిందువు చుట్టూ చిన్న ముక్క కత్తిరించండి. ఆ ముక్కలో ఎస్ < 2, ఎస్ అంతటా 0 కాదు, మినిమల్ కూడా. గ్యాప్ లేదు! ఎందుకంటే ముక్కలో ఎస్ తన ఎత్తయిన విలువ కోసం అంచుకు పారిపోతుంది. కాంపాక్ట్ అంటే పారిపోవడానికి అంచు లేకపోవడం.

రెండోది సెమినార్‌లో చెప్తే బావుంటుంది. ఎస్ ≤ ఎన్ − ε అని కొంచెం గ్యాప్‌తో ఇస్తే, కంప్లీట్ (ఎటు నడిచినా దారి మధ్యలో తెగనిది) అయితే చాలు, కాంపాక్ట్ అదే వస్తుంది. ఏ అనే ఫామ్ ట్రేస్ (ప్రిన్సిపల్ కర్వేచర్ల మొత్తం) సున్నా కాబట్టి ఏ ఒక్క ప్రిన్సిపల్ కర్వేచర్ వర్గమైనా (ఎన్−1)/ఎన్ × ఎస్ దాటదు. గాస్ నుంచి రిచీ వక్రత (ఒక దిశ గుండా పోయే తలాల వక్రతల మొత్తం) ≥ (ఎన్−1)(1 − ఎస్/ఎన్). ఇది ధనాత్మక స్థిరాంకం కంటే ఎక్కువైతే మయర్స్ సిద్ధాంతం కాంపాక్ట్ అని చెప్పేస్తుంది. అప్పుడు మాస్టారి శిఖరం తిరిగొస్తుంది.

ఎస్ అంతటా ఎన్ అని ముందే ఇచ్చేస్తే కాంపాక్ట్‌తో పనే లేదు. సూత్రంలో ఎడమవైపు సున్నా, ఎస్(ఎన్−ఎస్) సున్నా, కాబట్టి |∇ఏ| అక్కడికక్కడే సున్నా. అది చిన్న ముక్క అయినా క్లిఫర్డ్ టోరస్ ముక్కే. లాసన్ 1969 పేపరు పేరులోనే "లోకల్" ఉంది.

కోడ్_రాసేవాడు (మధ్యాహ్నం 1:25)

ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి ఇప్పుడు గచ్చిబౌలిలో కోడ్ రాసుకుంటున్నా. ఒక్క ప్రశ్న: ఈ సైమన్స్ అంటే హెడ్జ్ ఫండ్ సైమన్సేనా??

వక్రబుద్ధి (మధ్యాహ్నం 1:52)

ఆయనే. జేమ్స్ సైమన్స్. ఈ పేపరు 1968ది. 1982లో రెనైసాన్స్ టెక్నాలజీస్ పెట్టాడు. 2024 మే నెలలో పోయాడు. అదే పేపర్లో ఇంకో పెద్ద విషయం ఉంది: 7 డైమెన్షన్ల వరకూ యూక్లిడియన్ స్పేస్‌లో హైపర్‌ప్లేన్‌లు తప్ప స్థిరమైన మినిమల్ హైపర్‌కోన్‌లు ఉండవని. 8లో అది చెల్లదు, అక్కడే సైమన్స్ కోన్ దొరుకుతుంది. మూడు డైమెన్షన్ల గోళాలు రెండిటి గుణకారం మీద కట్టిన కోన్ అది. అంటే నిశాచరి గారి లెక్కలో ఎన్ = 6, కె = 3. గోళంలో గ్యాప్ అంచున ఉన్న బొమ్మే యూక్లిడియన్ స్పేస్‌లో బెర్న్‌స్టైన్ సమస్యని (అంతటా పరుచుకున్న మినిమల్ గ్రాఫ్ చదునుగానే ఉండాలా అన్నది) విరగ్గొట్టిన కోన్‌కి పునాది. 1969లో బొంబియేరి, డి జ్యోర్జి, జ్యుస్తి ఆ పని పూర్తి చేశారు.

చిల్లుగారె (మధ్యాహ్నం 2:10)

ఎన్ = 2కి సైమన్స్ సూత్రం అక్కర్లేకుండా కూడా వస్తుందేమో కదా? ఎస్ ≤ 2 అంటే గాస్ కర్వేచర్ ≥ 0. గాస్–బానే (మొత్తం కర్వేచర్‌ని జీనస్‌తో ముడిపెట్టే సిద్ధాంతం) ప్రకారం జీనస్ 0 లేదా 1. జీనస్ 0 అయితే ఆల్మ్‌గ్రెన్ 1966లో చూపించినట్టు గ్రేట్ స్ఫియర్. జీనస్ 1 అయితే మొత్తం కర్వేచర్ సున్నా, పైగా ఎక్కడా రుణాత్మకం కాదు, కాబట్టి అంతటా సున్నా. ఫ్లాట్ మినిమల్ టోరస్, అంటే క్లిఫర్డ్. ఈసారి తప్పు లేదనుకుంటా.

రాజమండ్రి_మాస్టారు (మధ్యాహ్నం 2:48)

లేదు బాబూ, చక్కగా ఉంది. ఓరియెంటబుల్ కాకపోతే (మోబియస్ పట్టీలా ఉంటే) డబుల్ కవర్ (దాని రెండు పొరల రూపం) మీదికి వెళ్ళి చెప్పాలి, అంతే. నిన్న గారెలో పడ్డ చిల్లు ఇవాళ పూడింది.

నిశాచరి (మధ్యాహ్నం 3:05)

నాకెప్పుడూ కన్‌ఫ్యూజన్ వచ్చేది ఇక్కడే. "క్లిఫర్డ్ టోరస్ ఒక్కటే" అని చెప్పే సిద్ధాంతాలు రెండున్నాయి కదా. ఒకటి ఈ ఎస్ ≤ 2. రెండోది బ్రెండిల్ నిరూపించిన లాసన్ ఊహ. రెండూ ఒకటి కావా?

వక్రబుద్ధి (మధ్యాహ్నం 3:30)

కావు, వేరు. ఎస్ ≤ 2లో కర్వేచర్ మీద షరతు ఉంది, ఉపరితలం తనని తాను కోసుకున్నా పరవాలేదు (ఇమ్మర్షన్ చాలు). బ్రెండిల్‌ది తలకిందులు: కర్వేచర్ మీద ఏ షరతూ లేదు, కానీ టోరస్ తనని తాను కోసుకోకూడదు. కోసుకునే మినిమల్ టోరస్‌లు మూడు డైమెన్షన్ల గోళంలో అనంతంగా ఉన్నాయి, లాసన్ 1970 పేపర్లోనే చూడొచ్చు. ప్రూఫ్‌లు కూడా వేరే జాతి. బ్రెండిల్ ఒక బిందువు దగ్గర శిఖరం వెతకలేదు, రెండు బిందువుల మీద ఆధారపడే ఫంక్షన్‌కి మాక్సిమమ్ ప్రిన్సిపల్ వాడాడు. 2013లో ఆక్టా మ్యాథమెటికా పత్రికలో అచ్చయింది. మార్కెస్, నెవెస్ చేసిన విల్‌మోర్ ఊహ (టోరస్‌ల వంపు శక్తి కనీసం ఎంత అన్నది) ప్రూఫ్‌లో కూడా ఈ టోరసే వస్తుంది, వైశాల్యం 2π², అంటే 19.74. గ్రేట్ స్ఫియర్‌ది 4π, 12.57.

అక్షరమాల (సాయంత్రం 4:15)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. "రిజిడిటీ"కి (ఇలా వేరే దారి లేకుండా బిగుసుకుపోవడానికి) తెలుగు మాట వాడొచ్చు కదా? ఫిజిక్స్ పుస్తకంలో "దృఢ వస్తువు" అని చదువుకున్నాం. దృఢత అనొచ్చేమో.

కోడ్_రాసేవాడు (సాయంత్రం 4:22)

మొండితనం అంటే ఇంకా బాగా కుదురుతుంది. "ఎస్ ఎన్ దాటకపోతే నేను గ్రేట్ స్ఫియర్ గానో గారె గానో ఉంటాను, ఇంకోలా ఉండను" అని మొండికేస్తోంది.

మోడరేటర్ (సాయంత్రం 5:00)

పదాల చర్చ బావుంది, కానీ దానికి వేరే దారం తెరిచాను, అక్కడ కొనసాగించండి. ఇక్కడ లెక్కలు సాగనివ్వండి.

గోళంమీదచీమ (సాయంత్రం 6:40)

కోడైమెన్షన్ సంగతి ఎవరైనా? అక్కడే నాకు వెరొనీస్ ఉపరితలం (నాలుగు డైమెన్షన్ల గోళంలోని ఓ మినిమల్ ఉపరితలం) అడ్డొస్తోంది.

వక్రబుద్ధి (రాత్రి 7:35)

కోడైమెన్షన్ పి అయితే సైమన్స్ హద్దు ఎన్/(2 − 1/పి). పి = 1 పెడితే ఎన్, మన పాత హద్దే. హద్దుని సరిగ్గా తాకేవి ఏవి అన్నది చెర్న్, డో కార్మో, కొబయాషి 1970లో తేల్చారు. మార్షల్ స్టోన్ గౌరవార్థం వచ్చిన సంపుటంలో ఉంది ఆ పేపరు. జవాబు చాలా చిన్నది: క్లిఫర్డ్ టోరస్‌లు (పి = 1), ఇంకా నాలుగు డైమెన్షన్ల గోళంలో వెరొనీస్ ఉపరితలం (ఎన్ = 2, పి = 2). అంతే.

అంటే పి 3 గానీ అంతకంటే పెద్దది గానీ అయినా, పి = 2 ఉండి ఎన్ 2 కంటే పెద్దదైనా ఆ హద్దుని ఎవరూ తాకరు. ఎవరూ తాకని హద్దు అంటే మనం సరిగ్గా కొలవలేదని అర్థం. 1992లో లీ అన్-మిన్, లీ జిమిన్ దాన్ని సరిచేశారు: పి ≥ 2 అయితే 2ఎన్/3 వరకూ పోవచ్చు, పి ఎంతైనా సరే. పి = 2 దగ్గర రెండూ ఒకటే. పి = 3 నుంచి తేడా కనిపిస్తుంది, పాతది 3ఎన్/5, కొత్తది 2ఎన్/3. పి పెరిగేకొద్దీ పాతది ఎన్/2 వైపు జారిపోతుంది. పేపరు చిన్నది, మాట్రిక్స్ అసమానత ఒకటి మెరుగుపరిచారు, అంతే. నాకు ఈ ఏరియాలో బాగా నచ్చిన పేపర్లలో ఇదొకటి.

నిశాచరి (రాత్రి 8:50)

వెరొనీస్‌ని చేత్తో చూడటానికి: వ్యాసార్ధం √3 ఉన్న మామూలు గోళం మీద (ఎక్స్, వై, జెడ్) తీసుకుని ఐదు అంకెలు రాయండి:

ఎక్స్·వై/√3, ఎక్స్·జెడ్/√3, వై·జెడ్/√3, (ఎక్స్² − వై²)/(2√3), (ఎక్స్² + వై² − 2జెడ్²)/6

ఉత్తర ధ్రువం (0, 0, √3) దగ్గర మొదటి నాలుగూ 0, చివరిది −6/6 = −1. యూనిట్ గోళం మీదే పడింది. (√3, 0, 0) దగ్గర చివరి రెండు √3/2, 1/2. వర్గాలు కూడితే 3/4 + 1/4 = 1. అన్నీ రెండో డిగ్రీ కాబట్టి ఎదురెదురు బిందువులు ఒకే చోట పడతాయి, అంటే బొమ్మ ప్రొజెక్టివ్ ప్లేన్. వ్యాసార్ధం √3 అంటే గాస్ కర్వేచర్ 1/3. ఎస్ = 2 − 2/3 = 4/3. హద్దు: 2/(2 − 1/2) = 4/3. సరిగ్గా అంచున.

స్థిర కర్వేచర్ ఉన్న మినిమల్ గోళాల్లో ఇది రెండో మెట్టు. కర్వేచర్ 1, తర్వాత 1/3, తర్వాత 1/6, తర్వాత 1/10... జనరల్‌గా 2/(ఎస్(ఎస్+1)). (ఇక్కడి ఎస్ మెట్టు నంబరు, పైన వాడిన ఎస్ కాదు. చూసుకోండి.)

రాజమండ్రి_మాస్టారు (బుధవారం, ఉదయం 5:50)

అందరూ ఎస్ చుట్టూనే తిరుగుతున్నారు. వక్రత మీద షరతు అంటే ఎస్ ఒక్కటే కాదమ్మా. రిచీ వక్రతతో కూడా అడగొచ్చు. ఎజిరి 1979లో ఇలా చెప్పాడు: ఎన్ ≥ 4, రిచీ ≥ ఎన్−2 అయితే (కాంపాక్ట్, మినిమల్) మూడే వస్తాయి. గ్రేట్ స్ఫియర్, రెండు సమాన గోళాల క్లిఫర్డ్ గుణకారం, ఏడు డైమెన్షన్ల గోళంలో కూర్చున్న కాంప్లెక్స్ ప్రొజెక్టివ్ ప్లేన్.

ఎన్−2 అనే అంకె కూడా ఉదాహరణలోంచే వస్తుంది. ఎన్ = 2మ్ అనుకోండి. మ్ డైమెన్షన్ల గోళాలు రెండు, వ్యాసార్ధం 1/√2 చొప్పున. ఒక్కోదాని వక్రత 2, కాబట్టి రిచీ 2(మ్−1) = ఎన్−2. ఆ కాంప్లెక్స్ ప్లేన్‌కి హోలోమార్ఫిక్ వక్రత 4/3, రిచీ 3/2 × 4/3 = 2, ఎన్ = 4 కాబట్టి అదీ ఎన్−2యే. చూశారా, రెండు వేరే వేరే జాతి బొమ్మలు ఒకే గీత మీద నిలబడ్డాయి. సెక్షనల్ కర్వేచర్‌తో కూడా ఇలాంటివున్నాయి, యావ్, ఇతో చేశారు. నీ గంటలో అవి పట్టవు గానీ.

కోడ్_రాసేవాడు (ఉదయం 10:20)

నాదో వింత ప్రశ్న. సంభావ్యతల మీద సి.ఆర్. రావు గారి మెట్రిక్ (ఫిషర్–రావు, వాటి మధ్య దూరం కొలిచేది) ఉంది కదా. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన రావు గారే, 1945 పేపరు. సంభావ్యతలకి వర్గమూలం తీస్తే వాటి వర్గాల మొత్తం 1, కాబట్టి అన్నీ గోళం మీద పడతాయి. మెట్రిక్ గోళానిదే, స్కేలు తేడా అంతే.

ఇప్పుడు రెండు అవును/కాదు ప్రశ్నలు తీసుకోండి. నాలుగు సంభావ్యతలు, అంటే మూడు డైమెన్షన్ల గోళం. ఆ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి సంబంధం లేనివి (ఇండిపెండెంట్) అయితే నాలుగు వర్గమూలాలూ ఇలా వస్తాయి: కాస్ అ·కాస్ ఇ, కాస్ అ·సైన్ ఇ, సైన్ అ·కాస్ ఇ, సైన్ అ·సైన్ ఇ. ఇది రెండు డైమెన్షన్ల ఉపరితలం. అ, ఇ దిశల్లో ప్లాట్ చేస్తే ఎటు చూసినా ఫ్లాట్‌గా ఉంది. ఇది మీ క్లిఫర్డ్ టోరసేనా, లేక నేను నిద్రలేక ఇలా అంటున్నానా?

వక్రబుద్ధి (ఉదయం 10:55)

అదే! మొదటి, నాలుగో అంకెల లబ్ధం = రెండో, మూడో అంకెల లబ్ధం. అది ద్విఘాత సమీకరణం, గోళాన్ని తిప్పి చూస్తే రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు. అంటే తిప్పాక వచ్చే కొత్త అంకెల్లో మొదటి రెండింటి వర్గాల మొత్తం = మిగతా రెండింటి వర్గాల మొత్తం = 1/2. వ్యాసార్ధాలు 1/√2, 1/√2. సంభావ్యతలు ధనాత్మకం కాబట్టి మీకు దొరికేది ముక్కే, కానీ క్లిఫర్డ్ టోరస్ ముక్కే. వైశాల్యం కూడా సరిపోతుంది: అ, ఇ రెండూ 2π వరకూ తిరిగితే 4π², కానీ రెండింటికీ π కలిపితే అదే బిందువు, కాబట్టి సగం, 2π².

ఇన్నేళ్ళుగా ఈ టోరస్‌తో కాపురం చేస్తున్నా, 2×2 టేబులు (రెండు ప్రశ్నల నాలుగు గడులు) అని ఎప్పుడూ తట్టలేదు.

గోళంమీదచీమ (ఉదయం 11:30)

ఇది మొదటి స్లైడ్‌లో పెడుతున్నా. మా డిపార్ట్‌మెంట్‌లో స్టాటిస్టిక్స్ వాళ్ళు కూడా వస్తారు.

చివరిగా ఒక్కటి. ఎస్ ఎన్ దాటాక ఏమవుతుంది? ఎవరో తప్పకుండా అడుగుతారు.

వక్రబుద్ధి (మధ్యాహ్నం 12:45)

అక్కడే చెర్న్ ఊహ. ఎస్ స్థిరాంకం అయితే (గాస్ ప్రకారం అంటే స్కేలార్ కర్వేచర్ స్థిరాంకం) ఎస్‌కి వచ్చే విలువలు విడివిడిగా ఉంటాయని. యావ్ 1982 సమస్యల జాబితాలో 105వది. ఐసోపారామెట్రిక్ హైపర్‌సర్ఫేస్‌లైతే (ప్రిన్సిపల్ కర్వేచర్లన్నీ స్థిరాంకాలైనవి) మ్యూంట్స్‌నర్ వల్ల వేరే వేరే ప్రిన్సిపల్ కర్వేచర్ల సంఖ్య 1, 2, 3, 4, 6 మాత్రమే. మినిమల్ అయితే ఎస్ = (ఆ సంఖ్య − 1) × ఎన్. 1కి గ్రేట్ స్ఫియర్, 2కి క్లిఫర్డ్.

ఎన్ దాటగానే వెంటనే ఏదో వస్తుందా? రాదు. పెంగ్, టెర్ంగ్ 1983లో ఎస్ స్థిరాంకమై ఎన్ దాటితే కనీసం ఎన్ + 1/(12ఎన్) దాటాలని చూపించారు. యాంగ్, చెంగ్ 1998లో దాన్ని ఎన్ + ఎన్/3 చేశారు. నిజమైన జవాబు 2ఎన్ అని అందరి అనుమానం.

ఎన్ = 3కి మాత్రం పూర్తిగా తేలింది. చాంగ్ 1993తో: 0, 3, 6. అంతే. ఆ 6 ఎవరంటే కార్టాన్ హైపర్‌సర్ఫేస్. నిశాచరి గారి వెరొనీస్ చుట్టూ 30 డిగ్రీల దూరంలో ట్యూబు కట్టండి. ప్రిన్సిపల్ కర్వేచర్లు కాట్ 30, కాట్ 90, కాట్ 150, అంటే √3, 0, −√3. కూడితే 0, వర్గాలు కూడితే 6. కింద మెట్టులో అంచున ఉన్న వెరొనీసే పై మెట్టుకి ఎముక. అన్ని డైమెన్షన్లకీ అయితే ఊహ ఇంకా ఊహే.

గోళంమీదచీమ (గురువారం, రాత్రి 8:20)

అయిపోయింది! శిఖరం మాట బోర్డు మీద కొండ బొమ్మ గీసి చెప్పాను. ప్రూఫ్ రెండు నిమిషాల్లో అయిపోయింది, అందరూ ఇంకేదో ఉందనుకుని చూస్తున్నారు. మధ్యలో ఒక చోట తడబడ్డాను, 0.6, 0.8 గారె గురించి ఎవరో సరిగ్గా చిల్లుగారె గారి ప్రశ్నే అడిగారు! 337/144 నోటికి వచ్చేసింది. ఎస్ ఎన్ దాటాక ఏమిటని మా గైడే అడిగారు. 0, 3, 6 చెప్పి 30 డిగ్రీల ట్యూబు గీశాను.

ఒక స్టాటిస్టిక్స్ సార్ మాత్రం వదల్లేదు. "2×2 టేబులు సరే, 3×3 అయితే కూడా మినిమలేనా, అదీ అంచునే ఉంటుందా?" అన్నారు. చూసి చెప్తానన్నాను.

చిల్లుగారె (రాత్రి 8:34)

నా తప్పు ఇంత పనికొస్తుందనుకోలేదు.

కోడ్_రాసేవాడు (రాత్రి 11:10)

3×3 (ఒక్కో ప్రశ్నకి మూడేసి జవాబులు) నేను కూర్చుని చేశా, మాస్టారూ, ఒకసారి చూడండి. రెండు యూనిట్ గోళాల (రెండు డైమెన్షన్లవి) గుణకారం, ఎనిమిది డైమెన్షన్ల గోళంలోకి. ప్రతి కోఆర్డినేట్ ఒక గోళం మీది లీనియర్ ఫంక్షన్ × ఇంకో గోళం మీది లీనియర్ ఫంక్షన్. లాప్లాసియన్ ఐగెన్ విలువ (గుర్తు వదిలేస్తే, అది ఆ ఫంక్షన్‌ని ఎన్ని రెట్లు చేస్తుందో) 2 + 2 = 4, ఎన్ కూడా 4. తకహాషి 1966 ప్రకారం ఐగెన్ విలువ ఎన్ అయితే మినిమల్. కాబట్టి మినిమలే. స్కేలార్ కర్వేచర్ 2 + 2 = 4, ఎస్ = 12 − 4 = 8.

రాజమండ్రి_మాస్టారు (శుక్రవారం, ఉదయం 5:40)

సరిగ్గా ఉంది బాబూ. కోడైమెన్షన్ 4, లీ ద్వయం హద్దు 2ఎన్/3 అంటే 8/3. మీది 8. మూడింతలు. రిచీ కూడా 1 మాత్రమే, ఎజిరికి 2 కావాలి. 2×3 టేబులు కూడా పొద్దున్నే చూశాను: ఐగెన్ విలువ 1 + 2 = 3, మినిమలే, ఎస్ = 6 − 2 = 4, హద్దు 2. అదీ బయటే. చీమమ్మా, ఆ సారుకి చెప్పు: ఈ మూడూ మినిమలే, అంచున నిలబడింది మాత్రం 2×2 ఒక్కటే.